పెరటి టమాటాల మీది మచ్చలు: తినదగినవేవి, తినకూడనివేవి?

ఉగాదికి వారం ముందు అకాలంగా రెండు రాత్రులు వాన కురిసింది. మూడవనాటి ఉదయం మా మేనకోడలు గుడ్డసంచి నిండా టమాటాలు తెచ్చి మా వంటింటి గట్టు మీద పోసింది. అవి హైదరాబాదులోని వారి డాబా మీద, కుండీలలో కాసినవి. లెక్కించగా 34 కాయలున్నవి. వాటిలో మచ్చ లేని కాయ ఒక్కటీ లేదు. కొన్నింటికి అడుగు నల్లబడింది, కొన్ని పగిలాయి, ఒకదానికి ఏకంగా ముక్కు మొలిచింది.

"అత్తయ్యా, నాలుగు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నాను. వీటికేదో జబ్బు పట్టింది. మరీ పాడైనవి పచ్చడిలోకి వాడేసి, కాస్త బాగున్నవి బాబుకి చారులో వేద్దామనుకుంటున్నాను. చెట్లకి మాత్రం రేపే మందు కొట్టేస్తాను" అన్నది. సంచి అడుగున ఒక మందుసీసా ఉన్నది. మూత ఇంకా తీయలేదు. దాని మీద పసుపుపచ్చని త్రికోణపు గుర్తు కనబడింది.

ఆమె మాటలలో మూడు పొరపాట్లున్నవి. ఆ కాయలలో ఎక్కువ వాటికి జబ్బు లేదు. నిజంగా జబ్బు ఉన్నవాటినే ఆమె పచ్చడికి ఎంచుకున్నది. ఇక మందుతో ఆ చెట్లకు పనే లేదు. చాలా గృహాలలో ఇదే జరుగుతున్నందువలన, ఆనాడు మేమిద్దరం ఆ కాయలను వేరు చేసిన విధానాన్ని పాఠకులకు వివరిస్తున్నాను. నేను వైద్యురాలిని కాను. ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదానను. పెరటి సాగు నాకు పాత వ్యసనం.

టమాటా మన ప్రాచీన వైద్యులు ఎరుగని పండు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికా. ఐరోపా వారి ఓడలలో మన దేశానికి చేరింది. మా అమ్మమ్మ దానిని రామములగ అనేది. వంగ, వాకుడు, కామంచి మొదలైన మొక్కల కుటుంబంలోనిదే టమాటా కూడా. చరకసంహితలో టమాటా ప్రస్తావన లేకపోయినా, సూత్రస్థానంలోని 27వ అధ్యాయమైన అన్నపానవిధిలో ఎటువంటి పండు కూడదో చెప్పబడింది. పురుగు తిన్నది, మంచుకు ఎండకు దెబ్బతిన్నది, తగని చోట తగని కాలంలో పుట్టినది, కుళ్ళినది మంచిది కాదని దాని సారాంశం. మా గట్టు మీద పోసిన కాయలలో ఈ లక్షణాలన్నీ కనిపించాయి. అయితే 'మంచిది కాదు' అనే మాటలో సారం తగ్గినదీ, హాని చేసేదీ రెండూ ఇమిడి ఉన్నవని నా అభిప్రాయం. వంటింట్లో నిలబడిన ఇల్లాలికి ముఖ్యంగా కావలసినది ఈ రెండింటి మధ్య తేడా.

కాయను కడిగి, తుడిచి, పగటి వెలుతురులో పట్టుకొని చూడాలి. మచ్చ ముచ్చిక దగ్గర ఉన్నదా, అడుగున ఉన్నదా, పక్కన ఉన్నదా? వేలితో నొక్కితే తోలులాగా గట్టిగా ఉన్నదా, మెత్తగా చెమ్మగా దిగబడుతున్నదా? మచ్చ మీద నూగుగాని, ఒకదానిలో ఒకటిగా వలయాలుగాని ఉన్నవా? ఆ తరువాత వాసన చూడాలి. పులిసిన వాసన వస్తే కంటికి ఏమీ కనబడకపోయినా ఆ కాయను నమ్మకూడదు.

మొదట అడుగు నల్లబడిన కాయలను ఒకచోట పేర్చాము. తొమ్మిది తేలాయి. ముచ్చికకు సరిగ్గా ఎదురుగా, పువ్వు రాలిన చోట, రూపాయి బిళ్ళంత మచ్చ. గోధుమ రంగుతో మొదలై నల్లబడి, లోపలికి కుంగి, తోలులా ఎండి ఉంటుంది. పెరటి టమాటాలలో ఇంతగా భయపెట్టే మచ్చ వేరొకటి లేదు, ఇంతగా అపార్థానికి గురయ్యేదీ లేదు. దీనిని చాలామంది అడుగుకుళ్ళు అంటారు కాని, ఇది శిలీంధ్రం వలనగాని, పురుగు వలనగాని వచ్చేది కాదు. ఒక కాయ నుండి మరొక కాయకు అంటుకోదు. కాయ త్వరత్వరగా ఊరుతున్న రోజులలో దాని కొసకు కాల్షియం అందకపోవడమే కారణం.

మట్టిలో కాల్షియం లేదా అంటే, చాలాసార్లు ఉంటుంది. కాని కాల్షియం మొక్కలో నీటితోపాటు మాత్రమే పైకి ప్రయాణిస్తుంది. ఆకులు ఎండకు నీటిని ఆవిరిగా విడుస్తూ ఉంటాయి కనుక నీటి ప్రవాహం ఎక్కువగా వాటివైపే సాగుతుంది. నున్నని తోలు గల కాయ నీటిని అంతగా విడువదు కనుక దానికి చేరే వాటా స్వల్పం. అందులోనూ ముచ్చికకు దూరంగా ఉన్న అడుగుభాగానికి చివరగా అందుతుంది. ఒకనాడు కుండీ ఎండిపోయి, మరునాడు నీటితో నిండిపోతే ఆ స్వల్పభాగం కూడా తెగిపోతుంది. కొసన ఉన్న కణాలు చితికి నల్లబడతాయి. మనకు మచ్చ కనబడేటప్పటికి కారణం జరిగి రోజులు గడిచి ఉంటాయి.

ఇది నేను పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. 2003 వేసవిలో మా పెరటి చెట్లకు మొదటి గుత్తులన్నీ ఇలాగే నల్లబడ్డాయి. అప్పుడు మా వీధికి మూడు రోజులకొకసారి నీళ్ళు వచ్చేవి. వచ్చిననాడు పాదు నిండా పోసేదాన్ని, రానినాడు ఆకులు వడలిపోయేవి. తరగతి గదిలో వృక్షశాస్త్రం చెప్పే నేను, పెరట్లో మాత్రం కంగారుపడి ఒక దుకాణానికి వెళ్ళాను. కాయ పాడవుతున్నదనగానే అక్కడివారు ఒక పురుగుమందు చేతిలో పెట్టారు. ఎన్ని రోజులకు కాయ కోయవచ్చునో వారు చెప్పలేదు, నేనూ అడగలేదు. మందు చల్లిన నాలుగవనాడు, నేను పనికి వెళ్ళిన సమయంలో, మా అత్తగారు పండినవి కోసి పచ్చడి చేశారు. నేను తిరిగి వచ్చేసరికి మా అమ్మాయి అన్నంలో కలుపుకొని రెండు ముద్దలు తినివేసింది. ఏమీ జరగలేదు. కాని ఆ రాత్రంతా దాని మంచం పక్కన మేలుకొని కూర్చున్నాను. మర్నాడు సీసా మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదివాను. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో అందులో అచ్చువేసే ఉన్నది. నాలుగు రోజుల కంటే చాలా ఎక్కువ.

ఆ మందు వలన మచ్చలు తగ్గలేదని వేరుగా చెప్పనక్కరలేదు. పురుగు లేనిచోట పురుగుమందు ఏమి చేయగలదు?

మన దేశంలో పురుగుమందుల సీసాల మీద వాటి విషతీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అతి తీవ్రం, తరువాత పసుపు, ఆ తరువాత నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. మా మేనకోడలు తెచ్చినది తీవ్రతలో రెండవ మెట్టుది. కొన్ని మందులు మొక్క రసంలో కలిసి లోపలికి పోతాయి కనుక కాయను ఎంత కడిగినా పోవు.

అడుగు నల్లబడడానికి విరుగుడు నీళ్ళు పోసే పద్ధతిలోనే ఉన్నది. ప్రతి ఉదయం ఒకే వేళకు, మట్టి లోపలి వరకు తడిసేలా పోయాలి. ఎండలు ముదిరిన తరువాత కుండీలకు సాయంత్రం కూడా కొంత పోయాలి. మొక్క మొదట్లో రెండంగుళాల మందాన ఎండుటాకులుగాని, ఎండుగడ్డిగాని పరిస్తే తడి నిలుస్తుంది. యూరియా వంటి ఎరువులు ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి కాయ వాటాను లాగివేస్తాయి. పాదు దగ్గర లోతుగా తవ్వి వేళ్ళు తెంచకూడదు. గుడ్డుపెంకుల పొడి వేయమని చాలామంది సలహా ఇస్తారు. వేయడంలో తప్పు లేదు, కాని అది కరగడానికి నెలలు పడుతుంది కనుక ఈ కాపుకు అక్కరకు రాదు. కొబ్బరిపొట్టు ఎక్కువగా కలిపిన కుండీలలో మాత్రం కాల్షియం నిజంగానే కొరవడవచ్చు. అటువంటప్పుడు బాగా చివికిన పశువుల ఎరువు, తోటమట్టి కలిపి కుండీ తిరిగి నింపుకోవడం ఉత్తమం.

మా తొమ్మిది కాయలలో ఏడింటికి మచ్చ పొడిగా, శుభ్రంగా ఉన్నది. మచ్చ చుట్టూ అరంగుళం వదిలి కోసివేసి మిగిలిన భాగం కూరకు వాడుకోవచ్చునని ఆమెకు ఇచ్చాను. రెండింటి మచ్చ మీద నల్లని నూగు పట్టింది. చచ్చిన కణాల మీద బూజు తరువాత వచ్చి చేరుతుంది. ఆ రెండింటినీ బుట్టలో పడవేశాను.

బూజు విషయంలో నా మాట కొంత కటువుగా ఉంటుంది. పగిలిన కాయలు ఎనిమిది ఉన్నవి. ముచ్చిక చుట్టూ గుండ్రంగా కొన్ని, పై నుండి కిందికి నిలువుగా కొన్ని చీలాయి. కారణం ఆ రెండు రాత్రుల వానే. ఎండకు బిగిసిన తోలు లోపలికి ఒక్కసారిగా నీరు చేరితే కండ ఉబ్బుతుంది, తోలు సాగలేక పగులుతుంది. పగులు మానిపోయి గోధుమరంగు గీతగా ఎండితే ఆ కాయ నిక్షేపంగా తినదగినది. ఐదు అటువంటివే. మిగిలిన మూడింటి పగుళ్ళలో తెల్లని దూది వంటి బూజు కనబడింది. పచ్చడికని ఆమె వేరుగా కట్టి ఉంచినవి ఇవే.

చెడినంత మేరకు చెక్కివేసి, మిగిలినది రోట్లో వేసి నూరడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. పొదుపు మంచిదే. అయితే టమాటా మెత్తని, నీరు నిండిన కాయ. క్యారట్టు వంటి గట్టి దుంపలో వలె బూజు పైపైన ఆగదు. దాని సన్నని దారాలు కంటికి కనబడిన మేరకు దాటి కండలోకి పాకుతాయి. టమాటాల మీద తరచుగా పెరిగే ఆల్టర్నేరియా జాతి శిలీంధ్రాలు కొన్ని విషపదార్థాలను తయారు చేస్తాయి. ఇవి పోపులోనూ, ఉడుకులోనూ పూర్తిగా నశించవు. మరొక సంగతి. నిల్వ పచ్చడిని కాపాడే వాటిలో పులుపు ముఖ్యమైనది. బూజు ఆ పులుపునే ఆహారంగా వాడుకొని తగ్గించివేస్తుంది. కావున బూజు పట్టిన కాయను ఏ రూపంలోనూ వాడకూడదు. పసిపిల్లలకు, గర్భిణులకు అసలే పెట్టకూడదు. ఒక్క కాయ ఖరీదెంత?

వికృతమైన ఆకారం గల కాయలు ఐదు. ఇక్కడ మా ఇద్దరికీ కొంత వినోదం కలిగింది. ఒకదాని అడుగు ముడతలు పడి, గోధుమరంగు మచ్చలతో, చిన్న గుంటలతో ముసలివారి బోసినోరులా ఉన్నది. పువ్వు ఏర్పడే రోజులలో రాత్రి చలి 15 డిగ్రీలకు దిగువగా ఉంటే పువ్వులోని అండాశయం సరిగా రూపొందదు. హైదరాబాదులోను, దానికి ఉత్తరాన ఉన్న జిల్లాలలోను డిసెంబరు, జనవరి రాత్రులు ఇటువంటివే. పెద్ద కాయలు కాసే రకాలలో ఇది ఎక్కువ. రెండింటి మీద ముచ్చిక నుండి అడుగు వరకు సన్నని గీత, దాని మీద అడ్డంగా కుట్లు వేసినట్లు చిన్న గీతలు ఉన్నవి. పువ్వులోని కేసరం పిందెకు అంటుకొని విడివడక మిగిల్చిన గుర్తు అది. మరొకటి చేతిలోకి తీసుకుంటే తేలికగా, పక్కలు పలకలు తేలి ఉన్నది. కోస్తే లోపల బోలు. చలికో వేడికో పరాగసంపర్కం సరిగా జరగక గింజలు, రసం నిండకపోవడమే దీనికి కారణం. ఐదవది ముక్కు మొలిచిన కాయ. పిందె రూపొందేటప్పుడు అదనంగా ఒక గది ఏర్పడి బయటికి పెరిగితే ఇలా అవుతుంది. వినాయకుని తొండమని పత్రికలలో బొమ్మ వేసేది ఇటువంటి కాయలనే. ఈ ఐదూ తినదగినవే. బోలుకాయకు రుచి తక్కువ, అంతే. నాటు టమాటాలకు, పూసా రూబీ వంటి రకాలకు పక్కల గాడులు పుట్టుకతోనే ఉంటాయి. అది వికృతి కాదు.

ఎండ దెబ్బ తగిలినవి నాలుగు. పడమటి ఎండ నేరుగా పడిన పక్కన తెల్లగా పాలిపోయి, కాగితంలా పలుచబడిన మచ్చ ఉంటుంది. గాలి ఆడుతుందని ఎవరో చెప్పగా ఆమె కింది ఆకులన్నీ తుంచివేసిందట. కాయకు ఆకే గొడుగు. ఎండాకాలంలో దానిని తీయకూడదు. మచ్చ కోసి మిగిలినది వాడుకోవచ్చు. ముచ్చిక చుట్టూ పసుపుపచ్చగా గట్టిపడి ఎంతకీ ఎరుపెక్కని భుజాలు కూడా ఎక్కువగా ఈ వేడి పనే. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 20 నుండి 24 డిగ్రీల మధ్య చక్కగా తయారవుతుంది. 30 దాటితే మందగిస్తుంది. పసుపురంగు పదార్థాలు మాత్రం ఏర్పడుతూనే ఉంటాయి. అందుకే మే నెల కాయ నారింజ రంగులో ఆగిపోతుంది. ఇది తింటే ఏ దోషమూ లేదు.

పురుగు తిన్నవి మూడు. గుండ్రని రంధ్రం, దాని అంచున తడి పేడిక. ఇది శనగపచ్చ పురుగు. తల లోపల, మిగిలిన ఒళ్ళు బయట పెట్టుకొని తింటుంది. ఒక కాయను పూర్తిగా తినకుండానే మరొకదానికి పోతుంది. ఈ కాయలలో పురుగు కంటే, ఆ రంధ్రం గుండా చేరే కుళ్ళు ప్రమాదకరం. గట్టిగా ఉన్న ఒకదానిని కోసి చూచి, లోపల శుభ్రంగా ఉన్న సగం ఉంచాము. మెత్తబడి వాసన వేసిన రెండు బుట్టలోకి పోయాయి. కుండీల తోటలో ఈ పురుగును ఉదయం వేళ చేతితో ఏరివేయడం సాధ్యమే. పక్కన బంతి మొక్కలు పెడితే తల్లిపురుగు గుడ్లు పెట్టడానికి వాటివైపు పోతుంది. పొలాలలో పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి వేయమని చెప్పేది ఇందుకే. ఇంకా అవసరమైతే 5 శాతం వేపగింజల కషాయం ఉన్నది. 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం చల్లాలి. రంధ్రం గుండుసూది మొనంత ఉండి, ముచ్చిక దగ్గరే కనబడి, ఆకులలో తెల్లని పొక్కులుంటే అది ట్యూటా అనే చిన్న పురుగు. టమాటా లాగానే దక్షిణ అమెరికా నుండి వచ్చింది. మన దేశంలో 2014లో మహారాష్ట్రలో మొదట కనబడింది. ఆ ఆకులను, కాయలను మూటగట్టి పారవేయాలి. కంపోస్టు గుంటలో వేయకూడదు.

మిగిలిన ఐదు కాయలలో రెండింటి మీద చిన్న చిన్న గరుకు పొక్కులున్నవి. అవి బాక్టీరియా వలన వచ్చే గజ్జిమచ్చలు. తోలుతోనే ఆగాయి కనుక తోలు తీసి వండుకోవచ్చు. ఆకుల మీద నీళ్ళు చిమ్మకుండా మొదట్లో పోస్తే ఇవి తగ్గుతాయి. ఒకదాని మీద పసుపు, ఎరుపు వలయాలు ముగ్గు వేసినట్లు ఉన్నవి. ఇది వైరసు తెగులు. వేరుశనగలో మొవ్వుకుళ్ళు కలిగించే వైరసే తామర పురుగుల ద్వారా టమాటాకు కూడా వస్తుంది. మొక్కల వైరసు మనుషులకు సోకదు కనుక కాయ తినవచ్చు. అయితే రుచి ఉండదు, ఆ మొక్కను మాత్రం వెంటనే పీకివేయాలి. చివరి రెండింటికి ముచ్చిక దగ్గర నల్లని కుంగిన మచ్చ, అందులో గురిచూసే పలక మీది వలయాల వంటి గీతలు. ఇది ఆకుమాడు తెగులు, ఇందాక చెప్పిన ఆల్టర్నేరియా జాతిదే. అడుగునల్లకు, దీనికి ఒకే రంగు, ఒకే కుంగుడు. మచ్చ ఉన్న స్థానమే తేడా. అడుగున ఉంటే నీటిలోపం, ముచ్చిక దగ్గర వలయాలతో ఉంటే తెగులు. ఈ రెండూ బుట్ట పాలయ్యాయి. వానాకాలంలో నేలకు తగిలిన కాయల మీద వచ్చే గోధుమరంగు పట్టీల కుళ్ళు, పండిన కాయ మీద నీరు కారే గుండ్రని గుంటలు కూడా ఇలాగే వదిలివేయదగినవి. మొక్కకు ఊతకర్ర కట్టి కాయలను నేలకు తగలనీయకపోతే ఇవి చాలా వరకు రావు.

బుట్టలో తొమ్మిది పడ్డాయి, గట్టు మీద ఇరవై ఐదు మిగిలాయి. వాటిని అక్కడే కోసి, మంచి భాగాలతో ఆమె చేత పప్పు, చారు పెట్టించాను. బాబు రెండుసార్లు చారు పోయించుకున్నాడు. మందుసీసాను ఆమె మూత తీయకుండానే కొన్నచోట తిరిగి ఇచ్చివేసింది.

మూడు వారాల తరువాత ఫోను చేసింది. రోజూ ఉదయం ఆరింటికి నీళ్ళు పోస్తున్నదట, పాదులలో ఎండుగడ్డి పరిచిందట. కొత్త గుత్తులలో ఒక్క కాయకు తప్ప అడుగు నల్లబడలేదు. "కాని అత్తయ్యా, భుజాలు పసుపుగానే ఉండిపోతున్నాయి, ఎన్నాళ్ళు ఆగాలి?" అని అడిగింది. ఆగవద్దన్నాను. కాయ అడుగున తొలి ఎరుపు తిరగగానే కోసి, ఫ్రిజ్‌లో కాక ఇంట్లో చల్లని నీడన, గాలి తగిలేటట్లు బుట్టలో పరచమన్నాను. డాబా మీది వేడికంటే ఆ నీడలోనే రంగు మెరుగ్గా తిరుగుతుంది, పగుళ్ళకూ పక్షులకూ దొరకదు.